మెట్ట శనగ: ఏ రకం ఎందుకు ఎక్కువ పండుతుంది?

రాయలసీమ, ప్రకాశం నల్లరేగడి పొలాల్లో శనగ విత్తేది అక్టోబరు, నవంబరు నెలల్లో. అప్పటికి వానలు దాదాపు తగ్గిపోతాయి. ఆపై పంటకు ఆధారం నేల దాచుకున్న తేమే. పైరు పెరిగేకొద్దీ ఆ తేమ తరిగి, సరిగ్గా కాయలో గింజ నిండే వేళకు చాలకుండా పోతుంది. దీన్ని చివరి దశ బెట్ట అంటారు. శనగ రకాల మధ్య అసలు తేడా బయటపడేది అప్పుడే.

బెట్టను ఎదుర్కోవడానికి మొక్కకు ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది, తేమ అయిపోకముందే పంట ముగించడం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ రూపొందించిన ఐసీసీవీ 2 అనే కాబూలీ రకం సుమారు 85 రోజుల్లోనే కోతకు వస్తుంది. రెండోది, వేరును లోతుకు పంపడం. ఐసీసీ 4958 అనే రకం ఇందుకు పేరుపొందింది. అందుకే దాని వేరు లక్షణాన్ని ఇతర రకాల్లోకి తెచ్చే ప్రయత్నాలు జరిగాయి. అయితే త్వరగా ముగిసే రకానికి ఒక పరిమితి ఉంది. వాన బాగా కురిసిన ఏడాది మిగిలిన తేమను అది పూర్తిగా వాడుకోలేదు.

1999లో విడుదలైన జేజీ 11 దేశవాళీ రకం ఈ రెండింటి మధ్య చక్కగా కుదిరింది. పంటకాలం సుమారు 95–100 రోజులు. ఎండు తెగులును తట్టుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందు విస్తారంగా వేసిన అన్నిగేరి స్థానాన్ని చాలావరకు ఇదే ఆక్రమించింది.

రకాలను పోల్చేటప్పుడు పొలం పచ్చదనం చూసి తీర్పు చెప్పలేం. దిగుబడి అంటే మొక్కల సంఖ్య, మొక్కకు కాయలు, కాయకు గింజలు, గింజ బరువు కలిసిన లెక్క. ఉదాహరణకు చదరపు మీటరుకు 33 మొక్కలు, మొక్కకు 25 కాయలు, కాయకు ఒక గింజ, 100 గింజల బరువు 22 గ్రాములు అనుకుందాం. హెక్టారుకు దాదాపు 18 క్వింటాళ్లు వస్తాయి. కాబూలీ రకంలో 100 గింజలు 38 గ్రాములు తూగితే, మొక్కకు 15 కాయలున్నా దిగుబడి ఇంచుమించు అంతే. కాయలు మాత్రమే లెక్కపెడితే మోసపోతాం. అదే బెట్ట వల్ల మొదటి రకంలో 10 కాయలు తాలుపోతే దిగుబడి 11 క్వింటాళ్లకు పడిపోతుంది.

అందుకే పరిశోధన క్షేత్రాల్లో ప్రతి రకాన్నీ ఒకే పొలంలో పలు మడుల్లో, చీట్లు తీసినట్టు వరుస మార్చి విత్తుతారు. ఒక మడిలో తేమ ఎక్కువుంటే ఆ లాభం ఒకే రకానికి దక్కకుండా ఇది కాపాడుతుంది. ఒక ఏడాది వాన చూసి మోసపోకుండా, కొన్ని సీజన్లు పరీక్షిస్తారు.

ఇప్పుడు మరో కొలత కూడా చేరింది. కూలీల కొరతతో కోత ఖర్చు పెరగడంతో, నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఎన్‌బీఈజీ 47 అనే ‘ధీర’ రకాన్ని రూపొందించింది. ఇది నిటారుగా పెరిగి, కాయలు నేలకు ఎత్తులో కాస్తుంది కాబట్టి యంత్రంతో కోయవచ్చు. పక్కలకు గుబురుగా పరుచుకునే రకాల్లో కింది కాయలు యంత్రానికి అందక పొలంలోనే మిగిలిపోతాయి.

కాబట్టి అన్ని పొలాలకూ ఒకే ఉత్తమ రకం ఉండదు. లోతైన రేగడికీ, తేమ త్వరగా ఆరే తేలిక నేలకూ ఒకే విత్తనం సరిపోదు. ముందుగా చూడాల్సింది తన నేల ఎన్ని రోజులు తేమను నిలుపుకోగలదన్నదే. రకం పంటకాలం ఆ రోజులకు కుదిరితే, గింజ నిండే వేళకు తేమ మిగిలి ఉంటుంది.