మీకు తెలుసా? ‘బైసికిల్ థీవ్స్’ వెనకున్న కలం
‘బైసికిల్ థీవ్స్’ (1948) అనగానే దర్శకుడు డి సికా గుర్తొస్తాడు. దాని రచయితల్లో ముఖ్యుడైన చెజారె జవట్టీని పేరు మాత్రం చాలామందికి తెలియదు. 1902లో ఉత్తర ఇటలీలోని లుజ్జారాలో పుట్టిన ఆయన, మామూలు మనిషి రోజువారీ బతుకే పెద్ద కథ అని గట్టిగా నమ్మాడు. నమ్మింది రాసి చూపించాడు కూడా.

ఆయన రాసిన ‘ఉంబెర్తో డి’ (1952)లో పనిపిల్ల తెల్లవారే లేచి పొయ్యి వెలిగిస్తుంది. గోడమీది చీమలపై నీళ్లు కొడుతుంది. కుర్చీలో కూర్చుని కాఫీ గింజలు పొడి చేస్తూనే, కాలు చాచి వేలి కొసతో తలుపు మూస్తుంది. ఒక్క మాటా ఉండదు. కానీ పెళ్లికాకుండానే ఆ పిల్ల కడుపుతో ఉందని మనకు తెలుసు. చూస్తుంటే గుండె బరువెక్కుతుంది!

జవట్టీని స్వయంగా దర్శకత్వం వహించిన ‘లా వెరితా’ 1982లో వచ్చింది. అప్పటికి ఆయనకు దాదాపు 80 ఏళ్లు.