గద్దె ఎక్కకముందే ఏడు రాష్ట్రాలు పోయాయి

"లింకన్ గెలిస్తే అమెరికా ఎందుకు చీలిందన్నా?" రాయవరం టీకొట్టు కాడ ఓ కుర్రోడు అడిగాడు.

1860 ఎన్నికల్లో లింకన్ బానిసల్ని విడిపిస్తానలేదు తమ్ముడూ. కొత్త ప్రాంతాలకి బానిసత్వాన్ని పాకనివ్వనన్నాడు, అంతే. నలుగురు పోటీపడ్డారు, నూటికి 40 ఓట్లు రాకపోయినా ఆయనే గెలిచాడు. సుమారు 40 లక్షల మంది బానిసల చెమట మీద బతికే దక్షిణాది దొరలకి ఆ మాటే చాలింది. డిసెంబర్ 20న దక్షిణ కరోలినా విడిపోయింది. మార్చిలో ఆయన గద్దె ఎక్కేలోపే ఏడు రాష్ట్రాలు పోయాయి. తర్వాత యుద్ధమే.

మన కోనసీమనే చూడు. 2022లో జిల్లాకి అంబేడ్కర్ పేరు కలుపుతామంటే ఎవరి సెంటు భూమీ పోలేదు. అయినా మే 24న అమలాపురంలో మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లకి నిప్పెట్టారు.

పెత్తనం పోయాక కాదు, పోతుందేమోనన్న భయంతోనే అగ్గెడతారు. అక్కడ 1865లో బానిసత్వం రద్దయింది. ఇక్కడ పేరైతే నిలిచింది. పెత్తనం లెక్కే తేలాలి.