పాతది చూపిస్తే కొత్తది

అంబర్‌పేట్ ఛే నంబర్ దగ్గర ఒక మేడ మీది గదిలో సాయంత్రాలు పాలిటెక్నిక్ పిల్లలకు కంప్యూటర్ హార్డ్‌వేర్ చెబుతుంటాను. పాఠం తక్కువ, పాత సీపీయూలు విప్పి బల్ల మీద పరిచి మళ్లీ బిగించడం ఎక్కువ. మొన్న నాచారం నుంచి వచ్చే కుర్రాడొకడు అలమర అడుగున ఉన్న సీడీల కట్టలోంచి ఒకటి లాగాడు. కవరు మీద పెద్దగా విండోస్ ఎక్స్‌పీ, పక్కన చిన్నగా అప్‌గ్రేడ్.

"సార్, ఇది ఖాళీ హార్డ్‌డిస్క్ మీద పడ్తదా?"

"పడుతుంది."

"మరి పాతదే లేకుంటె దేన్ని అప్‌గ్రేడ్ చేస్తది సార్?"

ఇరవై ఏళ్లుగా ఈ సీడీలతో ఆడుకుంటున్నాను. నాకు ఇష్టమైన విషయం ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. ఆ రోజు ర్యామ్ పాఠం పక్కన పడింది.

అమ్మకం సంగతి అందరికీ తెలిసిందే. పాత విండోస్ ఉన్నవాడికి కొత్తది తక్కువకు ఇచ్చేవారు. 1995లో విండోస్ 95 పూర్తి ప్యాక్ సుమారు 210 డాలర్లయితే అప్‌గ్రేడ్ 110. ఎక్స్‌పీ హోమ్ 199, దాని అప్‌గ్రేడ్ 99. మన వీధుల్లో పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఆవిడ చేసేదీ ఇదే వ్యాపారం. కానీ ఆవిడ మన మాట నమ్మదు. చీర చేతిలోకి తీసుకుని, మడత విప్పి, వెలుతురుకు పట్టి, చిరుగులు లెక్కపెట్టి అప్పుడు గిన్నె తీస్తుంది. పైగా ఆ చీరను మూటలో కట్టుకుని తీసుకుపోతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ మన ఇంటికి రాదు, పాత సీడీని పట్టుకుపోదు. డబ్బాలో వచ్చిన కొత్త సీడీయే ఆవిడ పని కూడా చేయాలి. పాత వస్తువు మన దగ్గరే ఉండగా, అది ఉందని మాత్రం రుజువు కావాలి. అందుకే ఒక్క పాత సీడీ ఎన్ని ఇళ్లలోనైనా సాక్ష్యం చెప్పగలదు. ఈ చిక్కును కంపెనీ ఒక్కో విడుదలలో ఒక్కోలా విప్పాలని చూసింది, ఔత్సాహికులు ప్రతిసారీ పక్క దారి కనిపెట్టారు. నాకు నచ్చేది ఆ పోటీయే.

95 కాలంలో పద్ధతి అమాయకంగా ఉండేది. సెటప్ హార్డ్‌డిస్క్‌లో పాత విండోస్ ఫైళ్ల కోసం వెతుకుతుంది, దొరక్కపోతే పాత ఫ్లాపీ పెట్టమంటుంది. అప్పటి సీడీ కీ ఇంకా అమాయకం. చివరి ఏడు అంకెలు కూడితే వచ్చే మొత్తం 7తో నిశ్శేషంగా భాగించబడితే చాలు, దాదాపు ఏ కీ అయినా ఒప్పుకునేది. అన్నీ ఒకట్లే కొట్టినా ఏడు ఒకట్లు ఏడు కదా! పిల్లలకు ఇది బోర్డు మీద చూపిస్తే నమ్మరు. తాళం చేసినవాడే చెవి కప్ప మీద చెక్కి పెట్టినట్టుంటుంది.

ఎక్స్‌పీ దగ్గర తీరు మారింది. అప్‌గ్రేడ్ సీడీతోనే బూట్ అవుతుంది, నీలం తెర వస్తుంది. హార్డ్‌డిస్క్ ఖాళీగా కనిపిస్తే ఆగి, అర్హత ఉన్న పాత విండోస్ సీడీ పెట్టమంటుంది. అప్పటికే సెటప్ ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంది కాబట్టి డ్రైవులోంచి సీడీ తీసేసినా దానికేమీ కాదు. పాత సీడీ పెడతాం, అందులో తనకు కావలసిన ఫైళ్లు ఉన్నాయో లేదో చూసుకుంటుంది, మళ్లీ ఎక్స్‌పీ సీడీ పెట్టమంటుంది. రేషన్ షాపులో పాత కార్డు చూపించినట్టే. నా విండోస్ 98 సీడీ గీతలు పడి ఒకసారి డ్రైవులో గిర్రున తిరుగుతూనే ఉండిపోయింది. రామంతాపూర్‌లో ఉన్న స్నేహితుడి ఇంటికి స్కూటర్ మీద వెళ్లి వాడి సీడీ తెచ్చాను. సెటప్ కిమ్మనలేదు. సీడీ ఎవరిదని అది అడగదు.

అలా అడగలేని లోటును పూడ్చడానికి అదే ఎక్స్‌పీలో యాక్టివేషన్ వచ్చింది. ఇది నిజంగా తెలివైన పని. కంప్యూటర్‌లోని పది భాగాల నుంచి, అంటే ప్రాసెసర్, ర్యామ్ పరిమాణం, హార్డ్‌డిస్క్, డిస్‌ప్లే కార్డు, లాన్ కార్డు వంటి వాటి నుంచి, తలా కొన్ని బిట్లు తీసుకుని ఒక ముద్ర తయారుచేస్తుంది. ఆ బిట్లు ఎంత కొద్దివంటే వాటిని చూసి మీ లాన్ కార్డు నంబరు ఫలానా అని వెనక్కి చెప్పలేం. ర్యామ్ మార్చుకున్నాడనో, హార్డ్‌డిస్క్ పోయిందనో మనిషిని దొంగ అనలేరు కదా, అందుకని పది మంది సాక్షులనూ ఒకే మాట చెప్పమని పట్టుబట్టదు. వీళ్లలో లాన్ కార్డు మాటకు బరువెక్కువ. అది మారకుండా ఉంటే మిగతావాటిలో ఐదు మారినా ఊరుకుంటుంది, ఆరోది మారితేనే మళ్లీ యాక్టివేట్ చేయమంటుంది. మన దగ్గర చాలామంది అసెంబుల్డ్ సిస్టమ్‌ను ఏళ్ల తరబడి ముక్క ముక్కగా మార్చుకునేవారు. ఆ అలవాటుకు ఇంతకంటే సరిపడే లెక్క నేను చూడలేదు.

ఇక విస్టా. 2007 జనవరి 30న వచ్చింది, జనం తిట్టుకున్నారు. నేను మాత్రం దాని అప్‌గ్రేడ్ డీవీడీని ఇప్పటికీ ప్రేమిస్తాను.

అందులో పాత సీడీ అడగడం ఎత్తేశారు. కొత్త నియమం ఒకటే. అప్‌గ్రేడ్ కీ చెల్లాలంటే నడుస్తున్న విండోస్ లోపలి నుంచే సెటప్ మొదలుపెట్టాలి. డీవీడీతో బూట్ చేస్తే ర్యామ్‌లో లేచేది విండోస్ పీఈ అనే బుల్లి విండోస్, ఇన్‌స్టాల్, మరమ్మతు లాంటి పనులకే తప్ప రోజువారీ వాడకానికి పనికిరానిది. అక్కడ అప్‌గ్రేడ్ కీ కొడితే తోసిపుచ్చుతుంది. హార్డ్‌డిస్క్ కాలిపోయి కొత్తది కొన్నవాడి గతేమిటి? ముందు ఎక్స్‌పీ వేసి, దాని మీద విస్టా వేయాలి. ఒక పూట పోతుంది.

అయితే అదే డీవీడీలో ఇంకో రెండు సదుపాయాలున్నాయి. ఒకటి, కీ గడి ఖాళీగా వదిలేసినా ఇన్‌స్టాల్ అవుతుంది, 30 రోజులు వాడి చూడొచ్చు. రెండు, హోమ్ నుంచి అల్టిమేట్ దాకా అన్ని రకాలూ ఒకే డీవీడీలో ఉంటాయి. ఉమ్మడి ఫైళ్లు ఒక్కసారే దాచి, తేడాలు మాత్రం విడిగా రాసుకునే చిత్రమైన పొదుపు వల్ల అది కుదిరింది. ఈ మూడింటిలో ఏదీ తప్పు కాదు. మూడూ ఒకచోట చేరేసరికి గోడకు కన్నం పడింది.

డీవీడీతో బూట్ చేయండి, కీ వదిలేయండి, మీరు కొన్న రకమే ఎంచుకోండి. విస్టా పడుతుంది. ఇప్పుడు మీ దగ్గర నడుస్తున్న విండోస్ ఒకటుంది, ఆ విస్టాయే! దాని డెస్క్‌టాప్ మీంచి అదే డీవీడీని మళ్లీ నడిపి, అప్‌గ్రేడ్ కీ కొట్టండి. విండోస్ నడుస్తోందా అని సెటప్ చూసుకుంటుంది, నడుస్తోంది. దానికి డబ్బు కట్టారా, యాక్టివేట్ చేశారా అన్నది ఆ ప్రశ్నలో లేదు. మొదట వేసింది విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి పోతుంది, తర్వాత చెరిపేసుకోవచ్చు. గెజిటెడ్ అధికారి సంతకం కావాలంటే అభ్యర్థే గ్రీన్ ఇంకు పెన్ను కొనుక్కుని సంతకం పెట్టుకున్నట్టు! లైసెన్సు మాత్రం పాత విండోస్ మీ సొంతమై ఉండాలనే చెబుతుంది. దారి ఉన్నంత మాత్రాన హక్కు రాదు. నాకు ఎక్స్‌పీ ఉంది కాబట్టి నిశ్చింతగా వాడుకున్నాను.

2009లో విండోస్ 7 ఆ కన్నం పూడ్చాలని చూసింది. డీవీడీతో బూట్ అయితే రిజిస్ట్రీలో మీడియాబూట్‌ఇన్‌స్టాల్ అనే చోట 1 రాసుకుంటుంది, యాక్టివేషన్ దాన్ని చూస్తుంది. ముద్దాయి ఇంట్లోనే నేరపత్రం దాచినట్టు. జనం ఆ 1ని 0 చేశారు, అంతే. తర్వాత విండోస్ 8ను మన దేశంలో 1,999 రూపాయలకు, కొత్త కంప్యూటర్ కొన్నవారికి 699కే డౌన్‌లోడ్ ఇచ్చారు. డిస్కు ప్రాధాన్యం అక్కడే తగ్గింది. 2015లో, బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల కంపెనీ సీఈఓగా ఉండగా, విండోస్ 10 అప్‌గ్రేడ్ ఏడాది పాటు ఉచితం. ఇప్పుడు రుజువు మన చేతిలో లేదు. మదర్‌బోర్డు వేలిముద్రలాంటిది కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. పక్కాగా ఉంది, ఒప్పుకుంటాను. ఆడుకోవడానికి మాత్రం అందులో ఏమీ మిగల్లేదు. ఉచిత గడువు ముగిశాక కూడా ఏళ్ల తరబడి చెల్లుతూ వచ్చిన విండోస్ 7, 8 కీలను 2023 సెప్టెంబరులో ఆపేశారు.

ఆ సాయంత్రం ఖాళీ హార్డ్‌డిస్క్ తగిలించి ఎక్స్‌పీ సీడీ వేయించాను. నీలం తెర పాతది అడిగింది. కుర్రాడు నా వైపు చూశాడు. 98 సీడీ చేతికిచ్చాను, ఈసారి గీతల్లేనిదే. డ్రైవు రెండు క్షణాలు గుర్రుమని ఒప్పుకుంది. "గింతేనా సార్!" అన్నాడు.

ఎక్స్‌పీ సీడీ వాడికే ఇచ్చేశాను. 98 సీడీ మాత్రం ఇవ్వలేదు.