చక్రాల మీది బుల్లి ఇంటికి అయిదంగుళాల ఎత్తు

అమెరికాలో కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న చిన్న ఇళ్ళను మీరు సినిమాల్లోనో, అక్కడున్న పిల్లలు పంపే ఫొటోల్లోనో చూసే ఉంటారు. వాటిని ట్రావెల్ ట్రైలర్లు అంటారు. ఇంజను ఉండదు. చిన్నవాటికైతే రెండే చక్రాలు. పన్నెండు, పదమూడు అడుగుల పొడవులో ఒక మంచం, ఒక బల్ల, రెండు బర్నర్ల స్టవ్వు, బుల్లి సింకు, ఐస్‌గడ్డ పెట్టుకునే ఓ చెక్క పెట్టె. అంతే సంసారం! మన పూర్వపు గూడుబండికి వంటిల్లు చేర్చినట్టుంటుందన్నమాట.

వీటిల్లో పాతవాటి మీద ఇప్పటికీ మోజు ఎక్కువే. వెనకవైపు రెండు రెక్కలతో ముచ్చటగా ఉండే షాస్టాలు, పెన్సిల్వేనియాలో 1957లో మొదలైన సెర్రో స్కాటీలు, కెనడాలోని విన్నిపెగ్‌లో 1968లో పుట్టిన గుండ్రటి ఫైబర్‌గ్లాస్ బోలర్లు, ఇలాంటివి ఎక్కడో పశువుల కొట్టం వెనక పడి ఉంటే తెచ్చుకుని, తుడిచి, రంగులేసి, కర్టెన్లు కుట్టి వాడుకుంటారు. మా ఇంట్లోనూ అలాంటిదొకటుంది. 1960లలో తయారైన పదమూడడుగుల బండి. కర్టెన్లు కుట్టడం వరకు నా పని అనుకున్నాను గానీ, దాన్ని మట్టిరోడ్లకు తయారు చేసేటప్పుడు నా పని చాలా ఉందని తెలిసొచ్చింది. ఆ సంగతులే రాస్తున్నాను.

మేముండే న్యూ మెక్సికో రాష్ట్రంలో చూడదగ్గ చోట్లు చాలావరకు తారురోడ్డు అయిపోయాక మొదలవుతాయి. చాకో కాన్యన్ సంగతే తీసుకోండి. వెయ్యేళ్ళ కిందట అక్కడి ఆదివాసులు కట్టిన రాతి ఇళ్ళున్నాయి. ప్యూబ్లో బొనీటో అనే ఒక్క కట్టడంలోనే ఆరువందలకు పైగా గదులు! 1987లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇంత గొప్ప చోటికి ఉత్తరం వైపు నుంచి వెళ్ళే దారిలో చివరి 13 మైళ్ళు, అంటే సుమారు 21 కిలోమీటర్లు, మట్టిరోడ్డే. ఆఖరి నాలుగైదు మైళ్ళు మరీ ఘోరం. బట్టలుతికే పాత గీతల బల్ల ఉంటుంది చూశారూ, రోడ్డంతా అలా గీతలు గీతలుగా ఉంటుంది. మధ్యలో గుంటలు, వాగు దాటే చోట దిగుడు.

పాత ట్రైలర్లు నున్నటి హైవేల కోసం చేసినవి. కిందికి, నేలకు దగ్గరగా కూర్చుంటాయి. వాగులో దిగి ఎక్కేటప్పుడు వెనక మూల నేలను గీసుకుంటుంది. అది పోతే పోయిందనుకోవచ్చు. అసలు భయం అడుగున పోయే గ్యాసు గొట్టానిది. ముందున్న సిలిండరు నుంచి స్టవ్వు దాకా నేల చెక్క కింద సన్నటి రాగి గొట్టం పాకి ఉంటుంది. ఓ రాయి ఎగిరి తగిలినా, నేలకు ఒరుసుకున్నా అది నొక్కుకుపోతుంది, జాయింటు వదులవుతుంది. రాత్రి ఆ గూట్లోనే తలుపులు మూసుకుని పిల్లలతో పడుకుంటాం మరి. అందుకే బండి ఎత్తు పెంచడం సోకు కోసం కాదు.

ఎత్తడం అంటే ఏం చేస్తారు?

చాలా పాత ట్రైలర్లకు లారీలకున్నట్టే కమాను పట్టీలుంటాయి. ఇరుసు ఈ పట్టీలకు పైన కూర్చుని ఉంటే బండి కిందికి ఉంటుంది. ఆ ఇరుసును పట్టీల కిందికి మారిస్తే బండి పైకి లేస్తుంది. ఇరుసు లావు, పట్టీల కట్ట మందం కలిపి నాలుగైదు అంగుళాలు వస్తుంది. వినడానికి దోసె తిరగేసినంత తేలిక. ఇక్కడివాళ్ళు కూడా దీన్ని ‘యాక్సిల్ ఫ్లిప్’ అనే అంటారు. ఆ పేరులోనే ఉంది తంటా.

ఎందుకంటే ఇరుసును నిజంగా తిరగెయ్యకూడదు. చాలా ఇరుసులు చూడటానికి తిన్నగా ఉన్నా మధ్యలో కొంచెం పైకి వంగి ఉంటాయి, బరువు పడ్డాక చక్రాలు నిటారుగా నిలవాలని. దాన్ని తలకిందులు చేస్తే ఆ వంపు కిందికొచ్చి, చక్రాల పైభాగాలు లోపలికి వాలి, టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి. అరిగినవి ఎక్కడ పేలతాయో చెప్పలేం. కాబట్టి ఇరుసు ఎలా ఉన్నది అలాగే ఉంచి, పట్టీ కూర్చునే ఇనుప పీటలను ఇరుసు పై భాగాన కొత్తగా వెల్డింగ్ చేయించాలి. రెండు వైపులా పీటలు ఒకే వాటంలో ఉండాలి. యూ బోల్టులు కొత్తవి వెయ్యాలి, పాతవి మళ్ళీ బిగించకూడదు. ఇది ఇంటి వెనక చేసుకునే పని కాదు, ట్రైలర్ ఇరుసులు తెలిసిన వెల్డరు చేత చేయించాల్సింది.

బోలర్ లాంటి వాటికి కమాను పట్టీలుండవు. ఇరుసు గొట్టం లోపల రబ్బరు ఉంటుంది, అదే కుదుపు ఓర్చుకుంటుంది. యాభై ఏళ్ళ రబ్బరు రాయిలా గట్టిపడుతుంది, ఇడ్లీ కుక్కరు రబ్బరే రెండేళ్ళకు బిగుసుకుపోవడం మనకు తెలియదా? అలాంటి బండికి ఎత్తు కన్నా ముందు కొత్త ఇరుసు కావాలి. ఆ కొత్తదాన్నే కాస్త ఎత్తుగా ఉండేట్టు చెప్పి చేయించుకుంటారు, లేదా ఇరుసుకూ చట్రానికీ మధ్య ఉక్కు దిమ్మ వేస్తారు.

ఏ రకమైనా సరే, ముందు కింద దూరి చట్రం చూడాలి. తుప్పు, పగుళ్ళు ముఖ్యంగా ముందు కొక్కెం దగ్గర వస్తాయి. లోపల నేల ప్లైవుడ్డును మూలమూలనా అట్లకాడ కాడతో నొక్కి చూడండి. మెత్తగా దిగిందంటే చివికినట్టే. చివికిన ఇంటిని పైకెత్తి ఏం లాభం?

ఇంకోమాట. ఎత్తు పెంచితే కుదుపు తగ్గుతుందని కొందరనుకుంటారు. తగ్గదు. అడుగు తగలకుండా ఉంటుంది, అంతే. కుదుపు తగ్గాలంటే నెమ్మదిగా పోవాలి. గంటకు పది, పదిహేను మైళ్ళు చాలు.

ఎక్కువైతే ఏమవుతుంది?

మా వెల్డరు అయిదంగుళాలు ఎత్తాక మావారికి హుషారొచ్చింది. ఇంకా పెద్ద టైర్లు వేసి, మధ్యలో దిమ్మలు పెట్టి మరో మూడంగుళాలు లేపుదామన్నారు. మగవాళ్ళకు ఇలాంటివాటిలో ఎక్కడ ఆగాలో తెలియదు లెండి! నేను ఒప్పుకోలేదు. బండి పైకి పోయినకొద్దీ దాని బరువూ పైకి పోతుంది. నెత్తి మీద బిందె పెట్టుకున్న మనిషి నడకకూ, చంకన పెట్టుకున్న మనిషి నడకకూ తేడా మనకు చెప్పాలా? వంపు తిరిగేటప్పుడు ఒరుగుతుంది, పక్క గాలికి ఊగుతుంది. ఇక్కడ వసంతకాలంలో వీచే గాలి సామాన్యమైంది కాదు. పైగా టైరు పెద్దదైతే, గుంటలో పడి పట్టీ నొక్కుకున్నప్పుడు చక్రం గూటికి ఒరుసుకుంటుంది. కావలసిందెంతో అంతే లేపాలి.

ట్రైలరు లేచాక కారుకున్న హిచ్ బాల్ కూడా ఆ మేరకు పైకి రావాలి, లేకపోతే బండి ముక్కు కిందికి దిగి కూర్చుంటుంది. అలాగని మరీ పైకి పెడితే ముక్కు ఆకాశం చూస్తుంది, అది ఇంకా ప్రమాదం, వెనక బరువై బండి ఊగుతుంది. చదును నేల మీద తగిలించి పక్కనుంచి చూస్తే ట్రైలరు సమంగా ఉండాలి.

ఎద్దుబండికి వడ్లు వేసేటప్పుడు ముందు మొగ్గు, వెనక మొగ్గు చూసేవారు గదా. వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది. ఇదీ అంతే. మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను పాళ్ళు ముందు కొక్కెం మీద పడాలి. సామానుతో కలిపి బండి 680 కిలోలుంటే, కొక్కెం మీద 68 నుంచి 102 కిలోల దాకా అన్నమాట. దీన్ని బాత్రూములో బరువు చూసుకునే మిషనుతోనే తూచవచ్చు. మూడడుగుల ఎడంతో ఒకవైపు ఇటుక, ఒకవైపు మిషను పెట్టి, రెండూ ఒకే ఎత్తున ఉండేట్టు వాటి మీద గట్టి దూలం పరవండి. ఇటుకకు ఒక అడుగు, మిషనుకు రెండడుగుల దూరంలో కొక్కెం బరువు దూలం మీదికి దించాలి. మిషను చూపించిన అంకెను మూడుతో హెచ్చవేస్తే లెక్క సరి. చక్రాలకు అడ్డు పెట్టడం మరిచిపోకండి.

సర్దడం మన చేతిలో పని

ఈ లెక్కంతా సామాను సర్దే మనిషి చేతిలోనే ఉంది. వెల్డరు ఎంత బాగా చేసినా, బియ్యం బస్తా, నీళ్ళ డబ్బాలు వెనక మంచం కింద పెట్టామా, ఆ పనితనమంతా వృథా. పది గేలన్ల నీళ్ళంటేనే 38 కిలోలు. బరువైనవన్నీ నేల మీద, ఇరుసుకు దగ్గరగా, కాస్త ముందుకు ఉండాలి. కుక్కరు, రుబ్బిన పిండి గిన్నె, పప్పుల డబ్బాలు కింది అరల్లో. పై అరల్లో పేపరు ప్లేట్లు, తువ్వాళ్ళు, అప్పడాలు లాంటివే. ఎత్తిన బండిలో పై అరలో పచ్చడి జాడీ పెట్టకూడదు. ఆవకాయను గాజు సీసాలోంచి బిగువు మూతున్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, పాలిథిన్ కవరులో ముడి వెయ్యండి. నూనె ఒలికితే పరుపు బాగుపడదు. స్టీలు గిన్నెల మధ్య పాత చీర ముక్కలు పెడితే మోత ఉండదు. అరల తలుపులకు గొళ్ళాలు తప్పనిసరి, పాతకాలపు అయస్కాంతం పట్లు ఆ గతుకులకు ఆగవు. దుమ్ము ఎలాగూ దూరుతుంది, పక్కబట్టలు మొత్తంగా ఓ కవరులో ఉంచితే రాత్రి దులుపుకునే పని తప్పుతుంది.

ఎత్తు పెంచితే గడప కూడా ఎత్తవుతుంది, ఈ సంగతి మగవాళ్ళెవరికీ తోచదు. మా అత్తగారు చూడటానికొచ్చి కాలెత్తబోయి, ‘‘ఏమే అమ్మాయ్, ఇది ఇల్లెక్కడమా, అటకెక్కడమా?’’ అన్నారు. మోకాళ్ళ నొప్పులవారికి ఆ అయిదంగుళాలు కొండే. వెడల్పాటి, జారని, కాళ్ళు నాలుగూ గట్టిగా ఆనే స్టూలు ఒకటి, తలుపు పక్కన పట్టుకోవడానికి ఓ కమ్మీ బిగించుకున్నాం. బండి కదలకుండా మూలల కింద దించే జాకీలు కూడా పొట్టివైపోతాయి. కింద వేసుకోవడానికి నాలుగు చెక్కలు తీసుకెళ్ళాలి.

ఇక గ్యాసు. బండి నడుస్తున్నంతసేపూ సిలిండరు కట్టేసి ఉండాలి. మట్టిరోడ్డు దాటి ఆగిన ప్రతిసారీ, స్టవ్వు వెలిగించే ముందు సిలిండరు తెరిచి, జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాసి చూడండి. బుడగ లేచిందంటే లీకున్నట్టే, కట్టేసి ఆ పూట అటుకులు తినండి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్ళున్నారు, ఆ పని చచ్చినా చెయ్యకూడదు. ప్రొపేన్ గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. అందుకే గ్యాసును పసిగట్టే అలారం నేలకు దగ్గరగా పెట్టాలి. స్టవ్వు వల్ల పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వేరే అలారం కావాలి, దానికి వాసన ఉండదు. పాత ట్రైలర్లలో ఈ రెండూ ఉండవు, కొని పెట్టుకోవాల్సిందే. వండేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి. చలేస్తోందని స్టవ్వు వెలిగించి పడుకోవద్దు.

చాకో సముద్ర మట్టానికి సుమారు 6,200 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ నీళ్ళు 94 డిగ్రీలకే మరిగిపోతాయి, కాబట్టి విడిగిన్నెలో కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. కుక్కరు ఉండాలి, ఇంటి దగ్గర కన్నా ఒకటి రెండు విజిళ్ళు ఎక్కువ రానివ్వాలి. లోపల దుకాణాలు, పెట్రోలు బంకు ఏవీ లేవు, ఉప్పుతో సహా అన్నీ వెంట తీసుకెళ్ళాలి. వాన కురిస్తే ఆ మట్టిదారి మూసుకుపోతుంది. అందుకని వెళ్ళేరోజు పొద్దున్నే రోడ్డు సంగతి ఫోను చేసి కనుక్కుంటాం. ఒకరోజుకు సరిపడా సరుకులు, నీళ్ళు అదనంగా వేసుకుంటాం.

కొత్తగా బిగించిన యూ బోల్టులు మొదటి ప్రయాణంలో సర్దుకుంటాయి. యాభై మైళ్ళ తర్వాత ఒకసారి, మట్టిరోడ్డు దాటాక మరోసారి బిగువు చూడాలి. చక్రాల నట్లయితే పది, పాతిక, యాభై మైళ్ళకు మూడుసార్లు. మావారు కింద దూరి అవి చూస్తున్నంతసేపు నేను లోపల స్క్రూడ్రైవరు పట్టుకుని అరల మరలు బిగిస్తాను. గతుకుల రోడ్డు మీద పోయివచ్చిన ప్రతిసారీ కనీసం అయిదారు మరలు వదులై ఉంటాయి.