రాణిగారికి దాహం తక్కువ!

పొలం గట్లమీద, రైలుకట్టల పక్కన కత్తుల్లాంటి మట్టలు చాచుకుని నిలబడే కిత్తనార అందరికీ తెలిసిందే. గొడ్లు రాకుండా కంచెకో, తాడు పేనే నారకో తప్ప దాన్ని పట్టించుకునేవారు తక్కువ. కుండీలో పెట్టి ముచ్చటపడాలని ఎవరికి తోస్తుంది? అయితే ఆ వంశంలోనే ఓ మరుగుజ్జు రాణి ఉంది. పేరు... విక్టోరియా రాణి అగేవ్.

ఎంత పెరిగినా అడుగు ఎత్తు, అడుగున్నర వెడల్పు దాటడం అరుదు. పొట్టి మట్టలు ఒకదాని పక్కన ఒకటి కొలిచి పేర్చినట్టుంటాయి. ముదురాకుపచ్చ మీద సున్నంతో గీసినట్టు తెల్లగీతలు. మట్టలన్నీ మొవ్వులో ఒకదాన్నొకటి అదుముకుని ఉంటాయి కదా, పక్కమట్ట అంచు అచ్చు పడి అలాగే నిలిచిపోతుంది. కిత్తనారకున్న రంపపు ముళ్లు అంచుల్లో ఉండవు. కొసన మాత్రం నల్లటి ముల్లు... చిన్నపిల్లలున్న ఇంట్లో కుండీని ఎత్తులో పెట్టాల్సిందే.

పుట్టిల్లు మెక్సికో ఈశాన్య ప్రాంతం. మాంటెరే నగరం దగ్గరున్న వాస్తేకా లోయలో సున్నపురాతి కొండచరియల నెర్రెల్లో పెరుగుతుంది. 1875లో ఇంగ్లండ్‌కు చెందిన థామస్ మూర్ దీనికి తమ రాణి పేరు పెట్టాడు.

దీన్ని పెంచడానికి చేయాల్సింది కొంచెమే, చేయకూడనిదే ఎక్కువ! పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రిపూట తెరుస్తుంది కాబట్టి ఒంట్లోని నీరు త్వరగా పోదు. తులసికి పోసినట్టు దీనికీ రోజూ చెంబెడు పోశారో, వేరు కుళ్లిపోతుంది. మట్టి పూర్తిగా ఆరాకే మళ్లీ నీళ్లు. అడుగున చిల్లున్న మట్టికుండీ, సగానికి సగం గరుకు ఇసుక, చిన్న కంకర కలిపిన మట్టి చాలు. మన దగ్గర అసలు పరీక్ష ఎండాకాలం కాదు, ముసురు. వానాకాలం వచ్చిందంటే చూరు కిందికి చేర్చండి. మే నెలలో మాత్రం మధ్యాహ్నం ఎండ నేరుగా తగలకుండా చూస్తే చాలు. మట్టల సందుల్లో తెల్లటి పిండినల్లి చేరుతుంటుంది, కనిపెట్టి ఉండాలి. కుండీ మార్చేటప్పుడు చేతికి తొడుగులు తప్పనిసరి. మట్ట తెగితే వచ్చే రసం తగిలి చర్మం దురద పెట్టవచ్చు.

పెరుగుదల అంటారా? నత్తనడకే. పువ్వు కోసం ఇరవై ముప్పై ఏళ్లు ఎదురుచూడాలి. అప్పుడు నడిమధ్య నుంచి మనిషిని మించిన ఎత్తున కాడ లేస్తుంది. దాచుకున్నదంతా ఆ పూతకే ధారపోసి మొక్క ఎండిపోతుంది. పైగా కిత్తనారలా చుట్టూ పిలకలు పెట్టే అలవాటు దీనికి అంతగా లేదు. తరం నిలవాలంటే ఆ ఒక్క కాపు గింజలే దిక్కు.

ఇక్కడే వచ్చింది చిక్కు. పెంచే ఓపిక లేనివాళ్లు ఎదిగిన మొక్కల్ని కొండల మీద నుంచి తవ్వుకుపోయారు. పూతకు రాకముందే తవ్విన ప్రతి మొక్కతోపాటు దాని గింజలూ పోయినట్టే. అందుకే దీని అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ ఒప్పందం నియంత్రణలో ఉంది. కొనేముందు నర్సరీలో గింజ నుంచి పెంచిందేనా అని అడగండి. చిన్న మొక్కయితే మంచిది, ధరా తక్కువ. గింజలే దొరికితే నల్లగా, బల్లపరుపుగా ఉన్నవి ఏరి ఇసుక మట్టిపై చల్లండి. తెల్లవి మొలవవు.