అశ్వహృదయం

నలమహారాజు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని కొలువులో గుర్రాలు తోలిన కథ మనందరికీ తెలిసినదే. ఆయనకు అశ్వహృదయమనే విద్య వచ్చునట. చిన్నతనంలో అదేదో మంత్రం కాబోలు అనుకునేవాణ్ణి. మంత్రం కాదని మైసూరులో మా వీధిలోనే తెలిసింది.

మా యింటికి నాలుగిళ్ళ అవతల ఒక టాంగా తాత వుండేవాడు. ఆయన సంసారమంతా ఒక్క గుర్రం మీదనే నడిచేది. ఒక వానాకాలం వీధి మలుపులో ఆ గుర్రం ముందుకాలు మురుగు కాలువలోకి జారింది. దెబ్బ కొద్దిరోజుల్లో మానింది గాని బెదురు మానలేదు. ఆ మలుపు కనబడితే చాలు, చెవులు నిక్కించి, కాళ్ళు బిగబట్టి నిలబడిపోయేది. బజారుకు బండి పోవడానికి వేరే దారి లేదు. బండి కదలకపోతే యింట్లో పొయ్యి వెలగదు. "నాలుగు తగిలించు, అదే పోతుంది" అన్నారు చూసినవాళ్ళు.

తాత తగిలించలేదు. సాయంత్రంపూట బండి విప్పి, వట్టి పగ్గంతో గుర్రాన్ని నడిపించుకు వెళ్ళేవాడు. అది చెవులు నిక్కించిన చోటనే తానూ ఆగేవాడు. దాని ముఖంలోకి చూడకుండా, భుజం ప్రక్కకు తిప్పి, పగ్గం వదులుచేసి నిలబడేవాడు. అది తల దించి, పెదవులు కదిపి, నిట్టూర్చేదాకా అంతే. తరువాత మెడ నిమిరి యింటికి మళ్ళించేవాడు. మరునాడు మరి రెండడుగులు ముందుకు.

ఇందులోని కిటుకు పెద్దయ్యాక పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను. గుర్రానికి కొమ్ములూ కోరలూ లేవు. పులి నుంచీ తోడేలు నుంచీ దాన్ని కాపాడేది పరుగొక్కటే. అందుకే భయం దానికి పిరికితనం కాదు, ప్రాణరక్ష. కళ్ళు తలకు రెండు ప్రక్కలా వుండడంచేత తల తిప్పకుండానే దాదాపు చుట్టూ చూడగలదు. ముక్కుకు ఎదురుగానూ, తోకకు సరిగ్గా వెనుకా మాత్రం కనబడదు. చెవులు దేనికది తిరుగుతాయి. వెనక్కి అణిచిందంటే కోపం. మనవైపు తిప్పిందంటే వింటున్నదని అర్థం.

మన ఒంటిని అది ఎంత బాగా చదువుతుందో బెర్లినులో రుజువైంది. అక్కడ వాన్ ఓస్టెన్ అనే లెక్కల మేష్టారి గుర్రం హాన్స్, కూడికలడిగితే గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. 1904లో పండితుల సంఘం పరీక్షించి మోసం లేదన్నది. ఆ తరువాత ఫుంగ్‌స్ట్ అనే ఆయన శ్రద్ధగా గమనించి 1907లో అసలు సంగతి ప్రకటించాడు. అడిగేవాడికి జవాబు తెలియకపోయినా, అతను కనబడకపోయినా గుర్రం తప్పేది. సరైన లెక్క రాగానే అడిగేవాడి తల తనకు తెలియకుండానే వెంట్రుకవాసి కదిలేది. అది చూసి గుర్రం ఆపేసేది! అటువంటి కంటిముందు మన కోపమూ, కంగారూ దాగుతాయా?

ఈ నిజాన్ని పట్టుకుని శిక్షణ పద్ధతినే మార్చినవారు అమెరికాలో వున్నారు. అక్కడి పడమటి రాష్ట్రాలలో పూర్వం కొత్త గుర్రానికి జీను బిగించి, ఎగిరెగిరి అలసి లొంగేదాకా స్వారీచేసేవారు. టామ్ డోరెన్స్ (1910-2003), ఆయన దగ్గర నేర్చిన రే హంట్ వేరే దారి చూపారు. మాంటీ రాబర్ట్స్ 1989లో ఎలిజబెత్ రాణి ఎదుట విండ్సరులో తన పద్ధతి చూపించాడు. గుండ్రని దడిలో గుర్రాన్ని తరిమి తిప్పుతాడు. అది చెవి తనవైపు తిప్పి, పెదవులు కదిపి, తల దించగానే తాను చూపు దించి, భుజం ప్రక్కకు తిప్పుతాడు. గుర్రం తానై వచ్చి వెనుక నిలబడుతుంది. అది ప్రేమచేత వస్తుందా, వత్తిడి తప్పిన సుఖంచేత వస్తుందా అని పండితులు వాదించుకుంటూనే వున్నారు.

ఒక్కటి మాత్రం ఖాయం. గుర్రానికి పాఠం వంటబట్టేది పగ్గం లాగినప్పుడు కాదు, వదిలినప్పుడు. ఒక్క అడుగు వేసిందా, ఆ క్షణంలోనే వదలాలి. ఆలస్యమైతే ఎందుకు వదిలారో దానికి తెలియదు. ముందుకాళ్ళెత్తి బెదిరించినప్పుడు వదిలారా, బెదిరించడమే నేర్చుకుంటుంది. కనుక మంచితనమంటే మెత్తదనం కాదు. వేళ తెలిసి పట్టు విడవడం.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. ఆరోనాడు మలుపు నాలుగడుగుల దూరంలో వుంది. చూసి చూసి విసిగిపోయిన నేను, తాతకు సాయం చేస్తున్నాననుకుని, వెనుకనుంచి చెర్నాకోల ఝళిపించాను. గుర్రం పగ్గం తెంచుకుని పారిపోయింది. అయిదు రోజుల పని ఒక్క చప్పుడుతో పోయింది. ఆ రోజుల్లో ఆ యింట్లో అప్పుచేసి వండుకున్నారని మా అమ్మ చెప్పగా విన్నాను. ముఖం చూపలేక రెండు రోజులు దాక్కున్నాను.

మూడోనాడు తాత మా గుమ్మం ముందుకు వచ్చి నన్ను పిలిచాడు. తిట్టలేదు. గుర్రాన్ని మళ్ళీ మొదటి చోటికి తీసుకువెళ్ళి, పగ్గం నా చేతికిచ్చాడు. "ముందు నీ ఊపిరి నిదానించుకో బాబూ, అదే నిదానిస్తుంది" అన్నాడు కన్నడంలో. ఎంతసేపు నిలబడ్డానో! చివరకు అది తల దించి నా చొక్కా వాసన చూసింది.

పది రోజులకు బండి మలుపు దాటింది. ఆ పది రోజుల్లో గుర్రంతోబాటు ఒక కుర్రవాడు కూడా మచ్చికైనాడని తాతకు తెలుసుననే అనుకుంటాను.