దాదా, నానాల ఇంతెఖాల్ తేదీ ఎక్కడ దొరుకుతుంది?

చాలా ఇళ్లలో పెద్దలు పోయిన తేదీ నోటిమాటగానే ఉంటుంది. ఆస్తి పంపకానికైనా, ఖాందాన్ షజ్రా రాసుకోవడానికైనా అది కాగితం మీద ఉండాలి.

ముందు ఖబరస్తాన్‌కు వెళ్లి సమాధి రాయి ఫోటో తీసుకోండి. మసీదు కమిటీ దగ్గర దఫన్ రిజిస్టర్ ఉందేమో అడగండి.

సంవత్సరం చూసి తొందరపడొద్దు. హిజ్రీ 1357 అంటే 1938-39. అదే నిజాం కాలపు సర్కారు కాగితంలో ఫస్లీ 1357 అంటే 1947-48. తొమ్మిదేళ్ల తేడా వస్తుంది.

తర్వాత పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఆఫీసు. సొంతూరు కాదు, ప్రాణం పోయిన ఊరిలోనే మరణం నమోదవుతుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా ఫీజు కట్టి రిజిస్టర్ వెతికించుకోవచ్చు. మరణ కారణం మాత్రం అందులో ఇవ్వరు.

పేరు ఒక్కటే చెబితే దొరక్కపోవచ్చు. ఖాదర్ వలీ అక్కడ 'ఖాదర్ వల్లి' అనో, 'ఖాదర్ సాహెబ్' అనో ఉండొచ్చు. తండ్రి పేరు కూడా చెప్పండి.

హైదరాబాద్ వాళ్లైతే 1949 నుంచి వస్తున్న సియాసత్ లాంటి ఉర్దూ పత్రికల పాత సంచికలూ చూడండి.

రాళ్ల మీద అక్షరాలు అరిగిపోతాయి. దాదీ, నానీ ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి.